రాయ్‌చౌధురి నాలుగు పేజీలు

(హనుమకొండలో భౌతికశాస్త్ర విద్యార్థులు, యువ అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, తోటి అధ్యాపకులకు, ములుగు, జనగామ, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

పోయిన నెలలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పరకాల వైపు ఊరు. కాస్మాలజీలో, అంటే విశ్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలని ఆశ, గైడును వెతుక్కుంటోంది. ఫోనులో ఒక ఆచార్యుడి ప్రొఫైల్ పేజీ తెరిచి నా చేతికిచ్చింది. పక్కన మూడు అంకెలున్నాయి: మొత్తం సైటేషన్లు, అంటే ఆయన వ్యాసాలను మిగతా వ్యాసాలు ఎన్నిసార్లు పేర్కొన్నాయో ఆ లెక్క; హెచ్-ఇండెక్స్, దాని సంగతి తర్వాత చెబుతాను; ఐ10-ఇండెక్స్, అంటే కనీసం పది సైటేషన్లున్న వ్యాసాలు ఎన్నో. "సార్, ఈ అంకెలు బాగున్నట్టేనా?" అని అడిగింది. రక్తపరీక్ష కాగితం డాక్టరు ముందు పెట్టి ఆయన ముఖంలోకి చూస్తామే, అట్లా చూసింది. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. అంకెలు పెద్దవే. కానీ ఆయన ఏం కనుక్కున్నారో, ఆయన రాసింది పట్టుకుని ఎవరు ముందుకు నడిచారో ఆ అంకెల్లో కనబడదు. ఈ ప్రసంగం ఆ అమ్మాయికి నేను బాకీ పడ్డ జవాబు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఒక విశ్వశాస్త్రవేత్త పరిశోధన, దానికి వచ్చిన సైటేషన్లు. ఏ శాస్త్రవేత్త అన్నది నాకే వదిలేశారు. నేను అమల్ కుమార్ రాయ్‌చౌధురిని ఎంచుకున్నాను. ఆయన వ్యాసాలన్నిటి గురించీ మాట్లాడను. ఒక్క వ్యాసం తీసుకుంటాను. 1955 మే నెల 'ఫిజికల్ రివ్యూ' 98వ సంపుటంలో 1123వ పేజీ నుంచి 1126 వరకు, నాలుగే పేజీలు. రాసినవారు ఒక్కరే. అప్పటికి ఆయన వయసు 31.

ఆయన 1923లో బారిసాల్‌లో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి కలకత్తాలో బడిపిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు. ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధనలో చేరి కొన్నేళ్లు ప్రయోగశాలలో గడిపినా చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ గురుత్వాకర్షణను వివరించే ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం మీద మనసు పెట్టారు. 1952లో మళ్లీ పరిశోధన ఉద్యోగం దొరికింది. దొరికితే, అక్కడ లోహాల ధర్మాల మీద పనిచేయమన్నారు. పగలు జీతానికి ఆ పని చేసి, ఎవరూ అడగని ప్రశ్నను సొంతంగా పట్టుకున్నారు. ఈ మాట మన యువ అధ్యాపకుల కోసం చెబుతున్నాను. వారానికి ఇన్ని గంటల పాఠాలు, పరీక్ష పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల పని, ఇన్నిటి మధ్య పరిశోధన ఎక్కడ చేస్తామని మీరు నన్ను అడుగుతుంటారు కదా. ఆయనకూ ఇష్టమైన పనికి వేళ ఎవరూ కేటాయించి ఇవ్వలేదు.

ఇక ఆయన పట్టుకున్న ప్రశ్న. 1922లో రష్యాలో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ ఐన్‌స్టీన్ సమీకరణాలను సాధించి విశ్వం వ్యాకోచిస్తూ ఉండవచ్చని చూపించాడు. ఆ లెక్కను వెనక్కి నడిపిస్తే ఒక క్షణంలో సాంద్రత అనంతమవుతుంది, లెక్క అక్కడితో ఆగిపోతుంది. దాన్నే సింగ్యులారిటీ అంటాం. చాలామంది దీన్ని నమ్మలేదు. ఫ్రీడ్‌మన్ విశ్వం మరీ నున్నగా, ఏ దిక్కు చూసినా ఒకేలా ఉంటుంది, అందుకే అన్నీ ఒక్క బిందువుకు చేరుతున్నాయి అన్నారు. మేడారం జాతరను తలుచుకోండి. నలుమూలల నుంచి జనం గద్దెల వైపు నడుస్తారు. అందరూ గురి చూసినట్టు ఒకే చోటికి, ఒకే లెక్క ప్రకారం నడిస్తేనే ఒక్క బిందువు దగ్గర ఢీకొంటారు. ఒకరు కాస్త పక్కకు, మరొకరు కాస్త ముందుకు నడిస్తే ఒకరినొకరు దాటుకుని పోతారు. అసలు విశ్వంలో ఎగుడుదిగుళ్లు ఉంటాయి కాబట్టి సింగ్యులారిటీ ఉండదని వాళ్ల వాదన. వినడానికి బలంగానే ఉంది.

రాయ్‌చౌధురి విశ్వం నున్నగా ఉందన్న ఊహనే పక్కన పెట్టారు. గుప్పెడు ధూళిని తీసుకుందాం, అది గురుత్వాకర్షణ ఒక్కదానికే లోబడి కదులుతోంది, దాని ఘనపరిమాణం కాలంతో ఎలా మారుతుంది? ఇంతే ప్రశ్న. జవాబుగా వచ్చినదే ఇప్పుడు మనం రాయ్‌చౌధురి సమీకరణం అంటున్నది. అందులో ముఖ్యంగా మూడు శక్తుల పోటీ కనబడుతుంది. ద్రవ్యం ఆ ధూళిని దగ్గరకు లాగుతుంది, అది తెలిసిందే. రెండోది ఆకారంలో వచ్చే వికృతి. గుండ్రంగా ఉన్న గుప్పెడు ఒక వైపు సాగి, మరో వైపు నొక్కుకుపోయి కోడిగుడ్డులా అవుతుంది. ఎగుడుదిగుళ్లు ఉన్న విశ్వంలో జరిగేది ఇదే. ఇక్కడ బోర్డు మీద చూడండి. ఈ వికృతి సమీకరణంలో వర్గంగా వస్తోంది. ధూళి ఏ దిక్కుకు సాగినా, ఎంత సాగినా వర్గం ఎప్పుడూ ధనాత్మకమే, దాని ముందున్నది ఋణ చిహ్నం. అంటే వికృతి కూడా ద్రవ్యంతో చేతులు కలిపి గుప్పెడును మూసేయడానికే పనిచేస్తుంది. ఎగుడుదిగుళ్లు సింగ్యులారిటీని తప్పిస్తాయని నమ్మినవాళ్లకు ఈ ఒక్క చిహ్నం ఎదురు తిరిగింది. అవి దాన్ని మరింత తొందరగా తీసుకొస్తాయి.

మూడోది భ్రమణం. అదొక్కటే విడదీసే వైపు ఉంది. మన పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ రోజు చూస్తాం కదా, ఆడవాళ్లు వలయంగా తిరుగుతుంటే మధ్యలో ఖాళీ అట్లాగే నిలుస్తుంది. తిరుగుడు ఉన్నంతసేపు ఎవరూ మధ్యకు పడిపోరు. సమీకరణంలోనూ అంతే. గురుత్వాకర్షణకు అడ్డు నిలవగలిగింది తిరుగుడేనని ఆయన తేల్చారు. దూరం చేసే విశ్వ స్థిరాంకం కూడా సమీకరణంలో ఉంటుంది, దాని సంగతి ప్రశ్నల వేళలో మాట్లాడుకుందాం.

ఈ నాలుగు పేజీలు అచ్చయ్యాక ఏం జరిగింది? జర్మనీలో హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో పాస్కువల్ యోర్డాన్ వంటివారు వాటిని చదివి మెచ్చుకున్నారు. ఆ సంగతి కలకత్తాకు చేరింది. చేరాకే రాయ్‌చౌధురికి డాక్టరేటుకు సిద్ధాంత వ్యాసం సమర్పించే ధైర్యం వచ్చింది. 1959లో డీఎస్సీ అనే డాక్టరేటు పట్టా అందుకున్నారు. పరీక్షకుల్లో ఒకరు అమెరికా భౌతికశాస్త్రవేత్త జాన్ వీలర్, ఆయన ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశారు. 1961లో ప్రెసిడెన్సీ కాలేజీకి ఆచార్యుడిగా వెళ్లి, రిటైరయ్యేదాకా అక్కడే పాఠం చెప్పారు. ఈ కథలో సైటేషన్ల సంఖ్య ఎక్కడా లేదు. చదివి అర్థం చేసుకున్నవాళ్లు కొద్దిమంది దూరదేశంలో ఉన్నారు, ఆ కబురు ఒక మనిషి జీవితాన్ని మలుపు తిప్పింది. నన్నడిగితే సైటేషన్ ప్రభావం అన్న మాటకు అసలు అర్థం ఇదే.

1955 మీద ఇంకొక్క నిమిషం ఆగుతాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఐన్‌స్టీన్ కన్నుమూశాడు. మే నెలలో ఈ వ్యాసం అచ్చయింది. జూలైలో యూజీన్ గార్‌ఫీల్డ్ 'సైన్స్' పత్రికలో సైటేషన్ల సూచిక ఒకటి ఉండాలని ప్రతిపాదించాడు. ఏ వ్యాసాన్ని ఎవరు పేర్కొన్నారో చూపే పట్టిక అది. ఒక వ్యాసంలో తప్పుందని తర్వాత ఎవరైనా చూపించి ఉంటే పాఠకుడికి ఆ సంగతి తెలియాలి, భావాల జాడ దొరకాలి, అదీ అతని ఉద్దేశం. 1964 నాటికి 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' పుస్తక రూపంలో వచ్చింది. గ్రంథాలయంలో పాఠకుడికి దారి చూపడానికి పుట్టిన పరికరం తర్వాత మనుషులను తూచే తక్కెడ అయింది.

ఆ తక్కెడలో మన నాలుగు పేజీలను పెట్టి చూద్దాం. జర్నళ్లకు ఇచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలో గత రెండేళ్ల వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లే పరిగణనలోకి వస్తాయి. 1955లో వచ్చిన వ్యాసం 1956, 1957 లెక్కల్లో ఉంటుంది, ఆపైన దానికి తలుపు మూసేస్తారు. రాయ్‌చౌధురి వ్యాసానికి అసలు పని పడింది పదేళ్ల తర్వాత. 1965లో రోజర్ పెన్రోజ్, కూలిపోతున్న నక్షత్రం సింగ్యులారిటీని తప్పించుకోలేదని మూడు పేజీల్లో నిరూపించాడు. కాంతి కిరణాల గుచ్ఛానికి రాసిన ఇదే తరహా సమీకరణం ఆ నిరూపణలో వెన్నెముక. స్టీఫెన్ హాకింగ్ ఆ దారినే విశ్వం మొదలుకు మళ్లించాడు. 1970లో ఇద్దరూ కలిసి రాసిన సిద్ధాంతంతో వాదన ముగిసింది. భ్రమణం సంగతేమిటని మీకు అనుమానం రావాలి. భ్రమణం లేని గుచ్ఛాలనే ఎంచుకుని వాటి మీద నిరూపణ నడిపితే చాలని వాళ్లు చూపించారు. పెన్రోజ్‌కు ఆ పనికే 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. రాయ్‌చౌధురి అప్పటికి లేరు, 2005 జూన్‌లో పోయారు.

ఇంకొక సంగతి. ఈ రోజు మీరు సాపేక్షతా సిద్ధాంతం మీద వచ్చే కొత్త వ్యాసాలు తెరవండి. "రాయ్‌చౌధురి సమీకరణం ప్రకారం" అన్న వాక్యం తరచూ ఎదురవుతుంది. చివర జాబితాకు వెళ్లి చూస్తే 1955 వ్యాసం ఎన్నోసార్లు ఉండదు. బదులుగా 1973లో హాకింగ్, ఎల్లిస్ రాసిన పుస్తకమో మరో పాఠ్యపుస్తకమో ఉంటుంది, లేదా ఏదీ ఉండదు. సమీకరణం అంతగా అందరి సొత్తు అయింది. న్యూటన్ సూత్రం వాడి న్యూటన్ పుస్తకాన్ని ఎవరు పేర్కొంటారు? సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీనికి ఒక పేరే పెట్టాడు, మన మాటల్లో కలిసిపోయి కనుమరుగవడం అనుకోవచ్చు. కంప్యూటర్ జాబితాను లెక్కపెడుతుంది, వాక్యం మధ్యలో ఉన్న పేరును లెక్కపెట్టదు. అంటే ఒక పని బాగా లోతుకు దిగిన కొద్దీ దాని అంకె పెరగడం మానేయవచ్చు.

దీనికి మనకు దగ్గరలోనే ఒక పోలిక ఉంది. పాలంపేట గుడికి వెళ్లండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినట్టు శాసనం చెబుతోంది. గుడికి రుద్రేశ్వరాలయమని పేరు. జనం నోట మాత్రం రామప్ప గుడి, చెక్కిన శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. 2021లో యునెస్కో జాబితాలో చేర్చినప్పుడు రెండు పేర్లూ రాయక తప్పలేదు. శాసనంలో ఉన్న పేరు సైటేషన్. జనం నోట నిలిచింది రాయ్‌చౌధురి సమీకరణం లాంటి పేరు. రెంటినీ చదవగలిగితేనే ఆ గుడి చరిత్ర మనకు తెలుస్తుంది.

ఇక హెచ్-ఇండెక్స్. దీన్ని హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించాడు, రాయ్‌చౌధురి పోయిన ఏడాదే. ఒకాయన అయిదు వ్యాసాలకు వరుసగా 40, 12, 6, 3, 1 సైటేషన్లు వచ్చాయనుకుందాం. మూడు వ్యాసాలకు కనీసం మూడేసి ఉన్నాయి, నాలుగింటికి నాలుగేసి లేవు. కాబట్టి ఆయన హెచ్-ఇండెక్స్ 3. మొదటి వ్యాసానికి 40 బదులు 4 వేలు వచ్చినా అది మూడే. ఈ సూచిక అడిగేది ఎడతెగని దిగుబడిని. ఏటేటా పండే పొలాన్ని అది బాగా కొలుస్తుంది. పదేళ్లకు ఒకసారి కాసి ఊరందరికీ పంచే చెట్టును కొలవలేదు. హిగ్స్ బోసాన్ కణాన్ని ముందే ఊహించిన పీటర్ హిగ్స్ 2013లో నోబెల్ అందుకోబోతూ, ఇప్పటి లెక్కల్లో తనకు ఉద్యోగం దొరికేది కాదని చెప్పాడు.

కాస్మాలజీలో ఇంకో చిక్కుంది. ఈ రంగంలో కొన్ని వ్యాసాలను ఒక్కరు రాస్తారు, కొన్నిటిని ఒక ఊరంత మంది రాస్తారు. 2016లో గురుత్వ తరంగాలను కనుగొన్నామని ప్రకటించిన వ్యాసానికి వెయ్యి మందికి పైగా రచయితలు. విశ్వం తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం తుది ఫలితాల వ్యాసాన్ని వేలాది మంది పేర్కొంటున్నారు. ఎందుకు? విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలని రాయాలన్నా, విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకం 67.4 అని రాయాలన్నా దాన్ని చూపించాలి. సూపర్‌నోవాలతో, అంటే పేలిపోయే నక్షత్రాలతో కొలిచినవారికి అదే స్థిరాంకం 73 దగ్గర వస్తోంది, ఆ తేడా మీద రాసే ప్రతివారూ రెండు పక్షాల వ్యాసాలనూ పేర్కొనాలి. ఇవి గొప్ప పనులు, ఏళ్ల తరబడి వందల చేతులు కలిస్తే వచ్చిన కొలతలు. అయితే వాటి సైటేషన్లు కొట్టులో తూకపురాళ్ల లాంటివి, ఏ సరుకు తూచినా అవే కావాలి. ఆ పెద్ద జట్టులో ఉన్న ఒక పరిశోధకుడి అంకెనూ, ఒంటరిగా కూర్చుని గణితం చేసే మనిషి అంకెనూ పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ అనడం న్యాయం కాదు.

మరి ఆ అమ్మాయి ఏం చేయాలి? ఆమెకు నేను చెప్పేది ఇది. మొదట ఆ అంకెల నుంచి చూపు తిప్పు. ఆచార్యుడి పేజీలో ఎక్కువ సైటేషన్లున్న వ్యాసం ఒకటి, తక్కువ ఉన్నా ఆయన ఒంటరిగా రాసినది ఒకటి తీసుకో. నాసా సాయంతో నడిచే ఏడీఎస్ అనే ఉచిత సేవలో ఆ వ్యాసాన్ని పేర్కొన్నవాళ్ల జాబితా వస్తుంది. అందులో ఓ అయిదు తెరిచి, ఈయన పేరు ఏ వాక్యంలో వచ్చిందో చదువు. మన పెళ్లి పత్రికలు చూశావు కదా. కింద బంధువుల పేర్లు ఇరవై ఉంటాయి, మర్యాద తప్పకూడదని వేస్తారు. పొద్దున అయిదింటికి వచ్చి పందిరి గుంజ పట్టుకునేది ఇద్దరు ముగ్గురే. వ్యాసాల ముందుమాటలో "ఈ రంగంలో చాలామంది పనిచేశారు" అని పది పేర్లు ఒకే చోట కుప్పపోస్తే అది పత్రికలో పేరు. మధ్యలో, లెక్క నడిచే చోట, "ఫలానా వారి పద్ధతిని అనుసరించి" అని వస్తే అది పందిరి గుంజ. గుంజ పట్టిన సైటేషన్లు నాలుగు కనబడినా నిశ్చింతగా ఆయన దగ్గర చేరు.

ఎవరు పేర్కొన్నారన్నదీ చూడాలి. పేర్కొన్న వ్యాసాలన్నీ ఆయనవో ఆయన విద్యార్థులవో అయితే ఆ మాట ఇంకా ఇల్లు దాటలేదన్నమాట. ఈ విషయం చెప్పేటప్పుడు నా సంగతి దాచడం తప్పు. ప్రమోషన్‌కు పాయింట్లు కావాలన్నప్పుడు నేను డబ్బు కట్టి రెండు వ్యాసాలు వేయించుకున్నాను. పంపిన తొమ్మిదో రోజున అంగీకారం వచ్చింది, ఎవరూ చదివి దిద్దిన గుర్తు లేదు. వాటిలో ఒకదానికి ఇప్పటికి మూడు సైటేషన్లున్నాయి, మూడూ నావే. ఆ ఏడాదే కష్టపడి, ప్రతి మెట్టూ విడమరిచి, సాపేక్షతా సిద్ధాంతానికి కావలసిన టెన్సర్ల గణితం మీద తెలుగులో నోట్సు రాశాను. దరఖాస్తులో దానికి గడి లేదు. ఆ నోట్సు జిరాక్సుల మీద జిరాక్సులై మంచిర్యాల దాకా వెళ్లిందని తర్వాత ఒక విద్యార్థి చెప్పాడు. ఆ రెండు వ్యాసాల మీద పెట్టిన కాలం నోట్సు మీద పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

భాష ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క ఉదాహరణ. బెల్జియం మతగురువు జార్జ్ లెమెట్ర్, విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే లెక్క కట్టి ఫ్రెంచిలో, తమ దేశపు పత్రికలో వేశాడు. బయట పెద్దగా ఎవరూ చదవలేదు. రెండేళ్లకు అమెరికా ఖగోళశాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ పరిశీలనలు వచ్చాయి, పేరు ఆయనకు వెళ్లింది. 1931లో ఇంగ్లండ్ ఖగోళశాస్త్రవేత్త ఎడింగ్‌టన్ చొరవతో ఇంగ్లీషులోకి వచ్చాకే లెమెట్ర్‌ను ప్రపంచం గుర్తించింది. గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతుందన్న ఆ సూత్రాన్ని హబుల్-లెమెట్ర్ నియమం అనాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం సిఫారసు చేసింది 2018లో. తొంభై ఏళ్లు! మన దేశంలో పి.సి. వైద్య 1943లో 'కరెంట్ సైన్స్'లో రాసిన, కాంతిని వెదజల్లే నక్షత్రం చుట్టూ గురుత్వ క్షేత్రం గురించిన పరిష్కారానికీ చాలా ఏళ్లు ఆగాకే పెద్ద ఆదరణ వచ్చింది. మంచి పని అచ్చులో ఉంటే చాలదు, దాన్ని తెరిచి చదివే మనిషి ఒకరు ఎక్కడో ఉండాలి.

ఆ మనిషి మీలో ఎవరైనా కావచ్చు. అందుకే రాయ్‌చౌధురి నాలుగు పేజీలకూ ముప్పై ప్రతులు తీయించి తెచ్చాను. గుమ్మం పక్క బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. సంకేతాలు పాత పద్ధతిలో ఉంటాయి, ఇప్పటి పుస్తకాల్లో గుర్తులు కొంచెం వేరు. ఏది దేనికి సమానమో నేను వెనక పేజీలో చేత్తో రాశాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే గదిలో కూర్చుని మొదటి వాక్యం నుంచి చదువుదాం. పరకాల అమ్మాయి బోర్డు దగ్గర నిలబడతానని ఒప్పుకుంది. వికృతి వర్గంగా ఎలా వస్తుందో ఆమె చూపిస్తుంది. భ్రమణం ముందున్న చిహ్నం సంగతి మీలో ఎవరు చేస్తారో ఇప్పుడే చేతులెత్తండి.